ఇంటిపేరు ఆడమగ్గం

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారు. మాది దాన్ని తిరగేసిన కథ. మా ఇంట్లో ఏ కంపూ లేదు, మా ఇంటిపేరు వింటేనే మా బాపు ముక్కు మూసుకునేవాడు. నాకు పదేళ్ళు వచ్చేదాకా మాకు ఇంకో ఇంటిపేరు ఉందన్న సంగతే తెలియదు. బడిలో రాసిందీ, నేతగాళ్ళ సంఘంలో రాసిందీ, వాడలో అందరూ పిలిచేదీ ఒకటే, బాపు వదిలేసి వచ్చిన పల్లె పేరు. ఫలానా పల్లెవాళ్ళు అని. వినడానికి బాగానే ఉండేది. ఎవరినీ నొప్పించదు, ఎవరికీ ఏమీ చెప్పదు.

మేం సాలోళ్ళం. కరీంనగర్ జిల్లాలో మానేరు దగ్గరి చిన్న పట్నం మాది. పోలీస్ చర్య అయిన మరుసటేడు బాపు ఒక మగ్గం కర్రలూ, అవ్వనూ, అంటే మా అమ్మనూ, ఆమె ఒళ్ళో నన్నూ బండిలో వేసుకుని అక్కడికి వచ్చాడట. అప్పుడు నూలు మీద సర్కారు కట్టడి ఉండేది. కార్డు లేనిదే నూలు ఇచ్చేవాళ్ళు కాదు. కార్డు రాసే మున్షీ ఉర్దూలో రాసుకుంటూ పేరడిగితే, బాపు తన పేరు చెప్పి దాని ముందు ఇంటిపేరుకు బదులు పల్లె పేరు చెప్పాడు. కొత్త ఊళ్ళో ఎవరికి తెలుసు, ఎవరు అడుగుతారు అనుకున్నాడు. అట్లా ఒక్క మాటతో మా ముత్తవ్వ మాయమైంది.

ఆ సంగతి నాకు తెలిసింది ఒక పెత్రమాస నాడు. మా దిక్కు పెత్రమాస అంటే చనిపోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. పళ్ళెంలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇస్తే, ఆయన ఇంటిపేరూ గోత్రమూ మూడు తరాల పెద్దల పేర్లూ అడిగి మంత్రం చదువుతాడు. అందరూ ఇంటిల్లిపాదీ వెళ్ళి ఇచ్చేవాళ్ళు. మా బాపు మాత్రం ఒక్కడే వెళ్ళేవాడు. ఆ ఏడు గుమ్మడికాయ పెద్దది దొరికింది, పళ్ళెంలో పట్టలేదు. అది మోయడానికి నన్ను తీసుకుపోక తప్పలేదు ఆయనకు.

"ఇంటిపేరు?" అన్నాడు అయ్యగారు.

బాపు అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆడమగ్గం" అన్నాడు.

ఎంత తగ్గించినా పక్కనే గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డదాన్ని నాకు వినపడకుండా పోతుందా? తిరిగి వస్తూ అడిగాను.

"బాపూ, ఆడమగ్గం అంటే ఎవలు?"

"ఎవ్వలు గాదు. నోరు మూసుకొని నడువు."

"మరి అయ్యగారికెందుకు జెప్పినవ్?"

ఇల్లు దగ్గర పడ్డాక, నా మొహం చూడకుండానే అన్నాడు. "సచ్చినోళ్లకు వేరే పేరు జెప్తే గా బియ్యం వాళ్లకు ముట్టవు."

బతికున్నవాళ్ళందరికీ ఒక పేరు, చచ్చినవాళ్ళకు ఒక పేరు. ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు గాని, అర్థం కానిదాన్ని వదిలిపెట్టే రకం కాదు నేను. అవ్వను పట్టుకున్నాను. "మీ బాపును అడుగకు, నన్ను గూడ అడుగకు" అంది అవ్వ, పొయ్యిలోకి చూస్తూ. అవ్వకు తెలియక కాదు. మొగుడి మాట దాటే అలవాటు ఆమెకు లేదు. రెండేళ్ళు ఆగాల్సి వచ్చింది.

రెండేళ్ళకు మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క. ఆమెను ఆసిఫాబాద్ దిక్కు ఇచ్చారు. మామ పోయాక, పిల్లలు లేరు గనుక, తమ్ముడి ఇంటికే వచ్చేసింది. ఆ దిక్కు మరాఠీ కలిసిన మాట ఆమెది, అప్పుడప్పుడు 'ఏమే' అన్నట్టు ఒక 'కాయ్' పడేది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. వచ్చిన మూడో రోజు, ఇద్దరం కండెలు చుడుతుండగా అడిగేశాను. ఆమె రాట్నం ఆపి నవ్వింది.

"కాయ్ పోరీ, గింత పెద్దగయినవు, నీ ఇంటిపేరు నీకు ఎరుక లేదా?"

అప్పుడు చెప్పింది. మా తాత తల్లి, అంటే నాకు ముత్తవ్వ, ముప్పై ఏళ్ళు కూడా నిండకముందే ఆమె మొగుడు గత్తరలో, అదే కలరాలో, పోయాడు. ముగ్గురు పిల్లలు. మగ్గం మీద సగం నేసిన పడుగు అట్లాగే ఉంది. అది ఎవరిదో పెళ్ళికి నేస్తున్న బట్ట. చచ్చినవాడి పడుగు ఇంకో నేతగాడు ముట్టుకోడు, అది అరిష్టం అంటారు. ముట్టుకోవాల్సిన అన్నదమ్ముల వరసవాళ్ళు మొహం చాటేశారు. మా కులంలో ఆడవాళ్ళు నూలు ఆరబెడతారు, కండెలు చుడతారు, పడుగు సాగదీస్తారు, గంజి పెడతారు. మగ్గం గుంటలో మాత్రం కాలు పెట్టకూడదు. పదకొండో రోజు కాగానే ముత్తవ్వ చీర బిగించి కట్టుకుని ఆ గుంటలో దిగి కూర్చుంది. అంతకుముందు ఒక్కనాడూ కూర్చోలేదు. పన్నెండేళ్ళు పక్కన కూర్చుని చూసింది, అంతే.

పెళ్ళివాళ్ళకు బట్ట అందింది. కులపెద్దలు వచ్చి మగ్గం మైలపడింది అన్నారు, లేవమన్నారు. ఆమె లేవలేదు. ఇరవై ఏళ్ళు లేవలేదు. ఊళ్ళో వాళ్ళు వెక్కిరింతగా ఆ ఇంటిని ఆడమగ్గం అన్నారు. అంతకుముందు ఉన్న ఇంటిపేరు ఏదో, అది అప్పుడే పోయింది. అదేమిటో మేనత్తకూ తెలియదు.

"గని పోరీ, గా ఉట్నూరు అంగట్ల, ఆసిఫాబాద్ అంగట్ల నన్ను ఎవలన్న మీ పుట్టినిల్లు ఏదంటే, ఆడమగ్గం అని జెప్తే లేచి కూసుండ మంచమేసేటోళ్లు. నేసేటప్పుడు ఆమె దెబ్బ గట్టిది. బట్ట ఏండ్లకేండ్లు చినుగేది గాదు. ఆడమగ్గం చీర ఉన్నదా అని అడిగి కొంటుండిరి. ఊళ్లె అది తిట్టు, అంగట్ల అదే పేరు."

"మరి బాపు ఎందుకు దాసిండు?"

మేనత్త నవ్వడం ఆపింది. బాపుకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో పంక్తిలో కూర్చుంటే, వడ్డించేవాడు వచ్చి, "ఆడమగ్గమోళ్ల పిలగాడా, నీకు గీడ గాదు, ఆడోళ్ల పంక్తిల వడ్డిస్తరు" అన్నాడట. పంక్తి పంక్తంతా నవ్వింది. బాపు విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చి ఏడవలేదు, అన్నం తినలేదు. "వానికి గా పంక్తి ఇంక యాదికున్నది" అంది మేనత్త.

నాకు బాపు మీద జాలి కలిగింది. ఆ జాలి ఒక పూటే ఉంది. మర్నాటికి కోపమే మిగిలింది. నవ్వినవాళ్ళు నవ్వారు సరే, ఆ నవ్వు విని ముత్తవ్వను కడుపులో దాచుకుంటాడా, గోతిలో పాతేస్తాడా? పాతేశాడు. ఆ ముసలమ్మ కాళ్ళు అరగదీసుకుని సంపాదించిన పేరు అది. ఆమె ఆ ఇంట్లో పుట్టలేదు, కోడలిగా వచ్చింది. పేరు పెట్టించింది ఆమె, సిగ్గుపడ్డది మగపిల్లలు. అంగడంగడికీ చెప్పుకున్నది మా మేనత్త, ఆమెకేమో పెళ్ళినాడే ఆ పేరు పోయింది. ఆడవాళ్ళకు ఇంటిపేరు మోసే పని ఉంది గాని ఉంచుకునే హక్కు లేదని నాకు పన్నెండేళ్ళకే తెలిసిపోయింది. అయితే నేను పెళ్ళై పోయేలోపు మా బాపు నోట, పగటిపూట, నలుగురిలో ఆ పేరు చెప్పించాలని గట్టిగా అనుకున్నాను. ఎట్లాగో తెలియదు. అనుకోవడం మాత్రం అనుకున్నాను.

నాకు పదిహేనేళ్ళప్పుడు బాపుకు దమ్ము, అదే ఉబ్బసం, మొదలైంది. పది పోగులు వేయగానే రొప్పు వచ్చేది. భుజం మీది తుండు కింద ఎముకలు కదలడం కనపడేది. ఒకసారి ఆయన కరీంనగర్‌లో డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్ళి రెండు రోజులు రాలేదు. మొదటి రోజు మగ్గం ముందు తిరిగాను. రెండో రోజు గుంటలో దిగాను. అవ్వ తల మీద చెయ్యి పెట్టుకుని వంటింట్లోకి పోయింది. మేనత్త తలుపు దగ్గర నిలబడి, "తొక్కు, భయపడకు, అది నిన్ను కరువదు" అంది. పోగులు ఎన్ని తెగాయో నాకే తెలుసు. పోగు మోసే నాడె రెండుసార్లు ఎగిరి గోడకు కొట్టుకుంది. సాయంత్రానికి జానెడు బట్ట అయింది.

బాపు వచ్చాడు. మగ్గం దగ్గర వంగి బట్ట మీద వేలు పెట్టి నెమ్మదిగా జరుపుతూ పోయాడు. తన నేత ఆగి నా నేత మొదలైన చోట వేలు ఆగింది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. లేచి వెళ్ళి వీధి తలుపు మూసి గడియ పెట్టి వచ్చాడు.

"తలుపు పెట్టుకొని నెయ్యి" అన్నాడు.

అట్లా మూడేళ్ళు నేశాను. ఊరికి తెలియకూడదు గనుక, మగ్గం మోగుతున్నంతసేపూ బాపు బయట కనపడకూడదు. ఆయనకు అది జైలే. బయట గాలి తగిలితే దమ్ము తగ్గుతుందని డాక్టరు చెబితే, మా బాపు లోపల కూర్చుని నాకు కండెలు చుట్టేవాడు. ఆడవాళ్ళ పని. ఎవరైనా తలుపు కొడితే నేను గుంటలోంచి గబుక్కున లేచేదాన్ని, ఆయన గబుక్కున దిగేవాడు. లోపలికి వచ్చినవాళ్ళు ఆయన రొప్పు చూసి, "ఎంత కష్టపడుతున్నవ్" అనేవాళ్ళు. దిగడానికే ఆ రొప్పు అని వాళ్ళకేం తెలుసు. నాకు నవ్వొచ్చేది, ఆయన కళ్ళలోకి చూస్తే నవ్వు ఆగిపోయేది. సంఘంలో మాత్రం ఆయన బట్టకు మంచి పేరొచ్చింది. ఈ మధ్య నీ నేత గట్టిపడ్డది అన్నారట. ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పాడు, ఎటో చూస్తూ.

నాకు పద్దెనిమిది నిండాక ఒక సంబంధం వచ్చింది. కోరుట్ల దిక్కు వాళ్ళు. నేతవాళ్ళే, రెండు మగ్గాలు, నెమ్మదైన మనుషులు. పిల్లవాణ్ణి కొండగట్టు మీద, అంజన్న గుడి మెట్ల దగ్గర చూపించారు. నాకు నచ్చాడు. అబద్ధమెందుకు, చాలా నచ్చాడు. బాపుకు నాకంటే ఎక్కువ నచ్చాడు. గోత్రాలు ముందే అడిగి చూసుకున్నారు, వేరువేరు, ఇంటిపేర్ల దాకా పోలేదు. అందరూ సంబరపడ్డారు. మాట ఖాయం చేసుకోవడానికి పిల్లవాడి తండ్రి, వాళ్ళ కులపెద్ద మా ఇంటికి వచ్చారు. కులపెద్ద పద్ధతి ప్రకారం రెండు ఇళ్ళ పేర్లూ పైకి చదివించాడు.

రెండూ ఒకటే.

బాపు నూలు కార్డు కోసం చెప్పిన పల్లె పేరే వాళ్ళ ఇంటిపేరు. ఎన్ని తరాల కిందటో వాళ్ళు కూడా ఆ పల్లె నుంచి పోయినవాళ్ళు కావచ్చు. మాలో ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నదమ్ములు. వాళ్ళ మధ్య పెళ్ళి మాట ఎత్తడమే తప్పు.

"గోత్రం వేరే గద" అన్నాడు బాపు, తడబడుతూ.

కులపెద్ద ముసలివాడే గాని మెత్తటివాడు కాదు. "ఇంటిపేరు ఒకటి, గోత్రాలు రెండు ఎట్లయితయి? రెండిట్ల ఏదో ఒకటి అబద్ధం. ఏదో నువ్వే జెప్పాలె. లేకుంటే మీరిద్దరు అన్నదమ్ములు, గీ పిల్ల ఆ పిల్లగానికి చెల్లె. ఆలోచన చేసుకో. ఎనిమిది రోజులకు వస్తం."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మా బాపు ఆడిన అబద్ధం పదహారేళ్ళు బాగానే అతికింది, పెళ్ళి దగ్గరికొచ్చి ఊడింది. వాళ్ళు పోయాక ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇంకో సంబంధం జూద్దాం" అన్నాడు చివరికి. ఆ మాట విన్నాక నాకు ఒళ్ళు మండింది. నా పెళ్ళి పోయినా పరవాలేదు, ఆ పేరు మాత్రం నోట రాకూడదు.

"పేరు జెప్పు బాపూ. నాలుగక్షరాలు. జెప్తే అయిపోతది."

"నీకు దెల్వదు. ఊకో."

"జెప్పేదాక నేను మగ్గమెక్కను."

మర్నాడు మగ్గం మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. అవ్వ బతిమాలింది. పక్కింటివాళ్ళు మీ మగ్గానికేమైందని అడిగారు. మూడో రోజు బాపు తనే గుంటలో దిగాడు. నాడె పదిసార్లు విసిరి ఆగాడు, దగ్గాడు, మళ్ళీ విసిరాడు. ఆ దగ్గు వింటూ పక్క గదిలో కూర్చుని ఏడ్చాను. నేను చేస్తున్నది పాపమని తెలుసు. అయినా లేవలేదు. మా ఇంట్లో లేవకుండా కూర్చోవడం ఒక ఆడదాని దగ్గరే మొదలైంది, ఇప్పుడు నేను లేస్తే ఇంక ఎప్పటికీ లేచినట్టే అనిపించింది. మేనత్త నా దగ్గరికి వచ్చి, నన్ను సమర్థించలేదు, తిట్టనూ లేదు. "ఇద్దరు ఒక్క తీరే ఉన్నరు" అని మాత్రం అని పోయింది.

ఎనిమిదో రోజు వాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం. ముందు గదిలో చాప వేశారు. ఆడవాళ్ళం ముగ్గురం లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డాం. చాయ్ ఇచ్చాక కులపెద్ద, "ఏమాలోచన జేసినవు?" అన్నాడు.

బాపు చాలాసేపు చాప అంచు పోగులు సవరిస్తూ కూర్చున్నాడు. చెప్పడనుకున్నాను. నిజంగా, ఇంక చెప్పడనుకుని వెనక్కి తిరగబోయాను.

"మా ఇంటిపేరు అది గాదు" అన్నాడు బాపు. "కార్డుకోసం గట్ల రాయించిన. మా ఇంటిపేరు ఆడమగ్గం."

కులపెద్ద భృకుటి ముడిచాడు. "ఆడమగ్గమా? నమ్ముడెట్ల?"

"పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు అయ్యగారికి గదే జెప్త. పోయి అడుగుండ్రి. సచ్చినోళ్లకాడ అబద్ధం ఆడలే." ఒకసారి మొదలయ్యాక ఆగలేకపోయాడు. గత్తరలో పోయిన తన తాత గురించి, సగం పడుగు గురించి, పెళ్ళి పంక్తి గురించి కూడా చెప్పేశాడు. ఇన్నేళ్ళూ మేనత్త నోటే విన్న కథ బాపు నోట వింటుంటే, అది నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. తర్వాత ఊపిరి పీల్చుకుని, ఎవరూ అడగనిది కూడా చెప్పాడు. "ఇంకోటి గూడ ఉన్నది. మూడేండ్లసంది గీ మగ్గం మీద నేసింది నేను గాదు. నా బిడ్డ."

అవ్వ చెయ్యి నా భుజం మీద బిగిసింది. చాప మీద ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లవాడి తండ్రి మంచివాడు, కాసేపటికి తేరుకున్నాడు. "సరే బావా. అన్నదమ్ములం గాదు, అది తేలింది. అడ్డం పోయింది. నాకు సంతోషమే" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "గని ఒక్క మాట. మా ఇంట్ల ఆడోళ్లు మగ్గమెక్కరు. నేసుడు మా కొడుకులు నేస్తరు. పిల్లకు గా మాట నువ్వే నెమ్మదిగ జెప్పు."

నేను గుమ్మం దాటి ముందు గదిలోకి వచ్చాను. ఏం చేస్తున్నానో నాకు తెలుసు. కొండగట్టు మెట్ల దగ్గర చూసిన మొహం కూడా కళ్ళముందే ఉంది.

"మగ్గం మీద కూసోనిస్తేనే నేను వస్త మామా. లేకుంటే రాను."

ఆ సంబంధం కుదరలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. రెండేళ్ళ తర్వాత, మగ్గానికి అభ్యంతరం లేని ఇంకో ఇంటికి వెళ్ళాను, వాళ్ళ ఇంటిపేరే రాసుకుంటూ ఇన్నేళ్ళు నేశాను. బాధ కలగలేదని చెప్పను. ఆ సాయంత్రం చాలా ఏడ్చాను. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ ఏడుపు గురించి కాదు, నా మాట పూర్తయిన తర్వాత ఆ గదిలో జరిగినదాని గురించి.

పిల్లవాడి తండ్రికి మొహం ఎర్రబడింది. నాతో మాట్లాడకుండా బాపు వైపు తిరిగి, "ఏంది బావా, పెద్దోళ్ల నడుమ పిల్ల గిట్ల మాట్లాడితే నువ్వేమనవా?" అన్నాడు. కులపెద్ద కూడా బాపు వైపే చూశాడు. నేనూ చూశాను. ఆ సంబంధం కోసమే ఆయన పదహారేళ్ళ సిగ్గు నలుగురి ముందు విప్పి పెట్టాడు, నేను ఒక్క మాటతో దాన్ని తోసేశాను. కొడతాడనే అనుకున్నాను.

బాపు తల ఎత్తాడు. ఆయనకు ఆ పూట దమ్ము రాలేదు, మాట తొణక్కుండా వచ్చింది.

"ఇంటిపేరు ఇప్పుడే జెప్పిన గద బావా" అన్నాడు. "ఇంక పిల్లను నేనేమంట?"